నిజో ఎస్ 800తో టైమ్‌లాప్స్: కొన్నేళ్లు వాడాక నా మాట

సూపర్ 8 (8 మిల్లీమీటర్ల ఫిల్మ్ రీలు మీద సినిమా తీసే పాత పద్ధతి) అంటే డబ్బు మంచినీళ్లలా ఖర్చయిపోతుందని అందరూ అనేదే. మామూలుగా తీస్తే నిజమే. 50 అడుగుల కార్ట్రిడ్జ్‌లో ఉండేవి సుమారు 3,600 ఫ్రేములు. సెకనుకు 18 చొప్పున తీస్తే మూడు నిమిషాల ఇరవై సెకన్లు, 24 చొప్పున అయితే రెండున్నర నిమిషాలు. అన్నప్రాశనలో పిల్లాడు పుస్తకం పట్టుకుంటాడో కత్తి పట్టుకుంటాడో తేలేలోపే రీలు అయిపోతుంది. ఆ రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి ఓ చవక స్మార్ట్‌ఫోన్ ఖరీదవుతుంది. అదే 3,600 ఫ్రేముల్ని పది సెకన్లకు ఒకటి చొప్పున వాడితే పది గంటలు నడుస్తుంది. నేను నా నిజో ఎస్ 800 కెమెరాను దాదాపుగా టైమ్‌లాప్స్‌కే (ఆగి ఆగి ఒక్కో ఫ్రేమూ తీసి, తెర మీద వేగంగా నడిపించడం) అట్టిపెట్టడానికి కారణం ఇదే. జీతం రాళ్ల మీద బతికేవాడు సూపర్ 8 తీయాలంటే ఇంతకంటే దారి లేదు.

నిజో ఎస్ 800 జర్మనీలో బ్రాన్ కంపెనీ 1970లో తెచ్చిన మోడల్. ముందు ష్నైడర్ వారి 7–80 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్, వెండి రంగు ఒళ్లు, మడిచి పెట్టుకునే పిడి. ఆ పిడి మడవడం అనేది చూడటానికి చిన్న సంగతే గానీ, ట్రైపాడ్ మీద గంటల తరబడి నిలబెట్టేవాడికి పెద్ద సుఖం. ఇంటర్వెల్ టైమర్, అంటే ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఎంతసేపు ఆగాలో చూసుకునేది, లోపలే ఉంది. సెకనుకు కొన్ని ఫ్రేముల నుంచి నిమిషానికి ఒకటి దాకా డయల్ తిప్పుకోవచ్చు. మొదలుపెట్టాక దాని మానాన అది టక్, టక్‌మంటూ తీసుకుంటూ పోతుంది. డయల్ మీద గీతల్ని నమ్మను. వాచీ పెట్టుకుని నాలుగైదు టక్కులు లెక్కపెట్టుకుంటాను. యాభై ఏళ్ల నాటి ఎలక్ట్రానిక్స్ కదా, కాస్త అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. (కొడాక్ తెచ్చిన కొత్త సూపర్ 8 కెమెరా కొనొచ్చు కదా అంటారు. 2023లో దాని ధర 5,495 డాలర్లు. నమస్కారం పెట్టి ఊరుకున్నాను.)

నేను ఎక్కువగా తీసేది రాజమండ్రి పుష్కర ఘాట్ నుంచి. సూర్యుడు నది అవతల, కొవ్వూరు వైపు దిగుతాడు. ఒక పక్క 1997లో మొదలైన ఆర్చి బ్రిడ్జి కనిపిస్తుంది. ఇక్కడే అర్థమైంది, టైమ్‌లాప్స్‌లో అసలు పనంతా ఇంటర్వెల్ ఎంచుకోవడంలోనే ఉందని. బ్రిడ్జి పొడవు 2.7 కిలోమీటర్ల పైచిలుకు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు దాటడానికి రెండు నిమిషాల నలభై సెకన్లు పడుతుంది. పది సెకన్ల ఇంటర్వెల్‌లో ఆ రైలుకు దక్కేవి పదహారు ఫ్రేములే, అంటే తెర మీద ఒక్క సెకను కూడా లేదు. ఏదో అడ్డొచ్చి పోయినట్టు ఉంటుంది తప్ప రైలని తెలియదు. రెండు సెకన్లకు తగ్గిస్తే ఎనభై ఫ్రేములు వస్తాయి, నాలుగున్నర సెకన్ల పాటు రైలు హాయిగా బ్రిడ్జి దాటుతుంది. కానీ అప్పుడు గంటకు 1,800 ఫ్రేములు, అంటే సగం రీలు, హరించుకుపోతాయి. మబ్బులకైతే నాలుగైదు సెకన్లు చాలు. మెట్ల మీద నీడ జరగడానికి ఇరవై సెకన్లు పెట్టినా తొందరే. ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా కొట్టుకొస్తుంది. దానికి సెకనుకొక ఫ్రేము కంటే తక్కువ పెడితే ఆకుపచ్చ మచ్చలు ఎగిరెగిరి పడతాయి.

రైలూ, సూర్యాస్తమయమూ రెండూ ఒకే షాట్‌లో కావాలంటే కుదరదు. ఫోన్‌లో అయితే అన్నీ తీసి తర్వాత వేగం మార్చుకుంటాం. ఇక్కడ ఘాట్ మెట్ల మీద కూర్చున్నప్పుడే ఏదో ఒకటి వదులుకోవాలి. నాకైతే ఇది లోపంగా అనిపించదు. మీకు చిరాకనిపిస్తే ఈ కెమెరా మీకు పనికిరాదు.

ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద ఎంత వెలుగు పడాలన్నది) విషయానికొస్తే, ఆటోమేటిక్‌ని నమ్మి వదిలేయకండి. సూర్యుడికి మబ్బు తునక అడ్డొచ్చినప్పుడల్లా వెలుగును కొలిచే మీటర్ ఎపర్చర్‌ను (లెన్స్‌లో వెలుగు వచ్చే కంతను) కాస్త తెరుస్తుంది, పోగానే మూస్తుంది. మామూలు షాట్‌లో ఇది కంటికి ఆనదు. టైమ్‌లాప్స్‌లో మాత్రం పాత ట్యూబ్‌లైట్‌లా తెరంతా రెపరెపలాడుతుంది. నేను మీటర్ చూపించిన అంకె చూసుకుని, మాన్యువల్‌లో అక్కడే బిగించేస్తాను. సూర్యాస్తమయానికీ అంతే. ఆటోలో వదిలితే చీకటి పడుతున్న కొద్దీ లెన్స్ తెరుచుకుంటూ పోయి, ఏడింటికి కూడా సాయంత్రం ఐదులా కనిపిస్తుంది. బిగించి వదిలితే నల్లబడుతూ పోతుంది, సంధ్య సంధ్యలా ఉంటుంది. పూర్తిగా చీకటి పడ్డాక మాత్రం ఈ కెమెరాలోని ఆటోమేటిక్ టైమ్ ఎక్స్‌పోజర్ పనికొస్తుంది. షట్టర్‌ను సెకన్ల తరబడి తెరిచి ఉంచుతుంది. అలా తీసినప్పుడు రైలు కనిపించదు, కిటికీల వెలుగు మాత్రం బ్రిడ్జి పొడవునా పసుపు గీతలా సాగుతుంది. నేను తీసినవాటిలో నాకు బాగా నచ్చేవి అవే.

ఇంకో మాట: కన్ను పెట్టి చూసే ఐపీస్‌ను మూసి ఉంచాలి. మూయకపోతే వెనక నుంచి వచ్చే ఎండ లోపలికి దూరి మీటర్‌ను తికమక పెడుతుంది. మామూలుగా తీసేటప్పుడు మన కన్నే దానికి మూత.

బ్యాటరీల సంగతి చిన్నదే గానీ విసిగిస్తుంది. మోటారుకు ఆరు పెన్సిల్ సెల్స్, ఎక్కడైనా దొరుకుతాయి. మీటర్‌కు వేసే 1.35 వోల్టుల మెర్క్యురీ బటన్ సెల్స్ ఇప్పుడు తయారు కావు. చెవి మిషన్‌కు వాడే 675 నంబరు జింక్-ఎయిర్ సెల్‌కు చిన్న రింగు తొడిగి పెడితే రీడింగ్ సరిగ్గానే వస్తుంది. ఆ సెల్ మీదున్న స్టిక్కర్ పీకాక కొన్ని వారాలే బతుకుతుంది, కాబట్టి బయల్దేరే ముందు పీకాలి.

ఫిల్మ్ నిలకడగా ఉండదు, ఆ మాట ముందే చెప్పాలి. సూపర్ 8లో ఫిల్మ్‌ను నొక్కి పట్టే పలక కెమెరాలో ఉండదు, కార్ట్రిడ్జ్‌లోనే ప్లాస్టిక్‌తో చేసి ఉంటుంది. అందుకే ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య వెంట్రుకవాసి కదలిక ఉంటుంది. కదిలే మనుషుల్లో అది తెలియదు. ఆర్చి బ్రిడ్జి లాంటి గట్టి గీతలున్న చోట ఇట్టే పట్టిస్తుంది, బ్రిడ్జి ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. ఒక ల్యాబ్‌వాళ్లు నేను అడక్కుండానే దాన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేసి, అంచులు కత్తిరించి పంపారు. నది ఒడ్డున ఉన్న సగం మెట్లు మాయం. అప్పటినుంచి పార్సిల్ మీదే రాస్తున్నాను: 18 ఫ్రేములు, ఫ్రేమంతా, ఏ సవరణా వద్దు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మోటారు తిరిగిందని సంతోషించి డబ్బు కట్టేయకండి. ఇంటర్వెల్ డయల్‌ను అటు చివరి నుంచి ఇటు చివరి దాకా తిప్పించి, టక్కుల వేగం మారుతోందో లేదో వీడియో కాల్‌లో వినండి. నాకు అమ్మినాయన ‘అన్నీ వర్కింగ్’ అన్నాడు, మీటర్ అరలో కారిన సెల్ ఇంకా లోపలే ఉంది. అది గీకి శుభ్రం చేయించడానికి అయిన ఖర్చు వేరు.