ఆన్‌లైన్ వీలునామా సర్వీసు: లాయర్ కాల్ సూపర్, ఈ-సైన్ జోలికి మాత్రం పోవద్దు

5కి 2.5 ఇస్తున్నా. కంపెనీ పేరు రాయట్లేదు, సపోర్ట్ వాళ్లతో ఇంకా మెయిల్స్ నడుస్తున్నాయి.

నాన్న వీలునామా కోసం తీసుకున్నాం. ఫారం నింపడం ఈజీనే, ఇల్లు, ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్స్ అన్నీ అడుగుద్ది, మర్నాడే డ్రాఫ్ట్ వచ్చేసింది. ఎగ్జిక్యూటర్ (తర్వాత వీలునామాని అమలు చేసే మనిషి) ఎవరు, ఆయనే ముందు పోతే ఇంకెవరు అని కూడా అడిగింది, అక్కడ మార్కులు వెయ్యాల్సిందే.

గొడవంతా ఈ-సైన్ దగ్గర. లాయర్ కాల్ కావాలంటే ఈ-సైన్ కలిపిన పెద్ద ప్యాకే కొనాలి, ఆధార్ ఓటీపీతో సంతకం అయిపోద్ది ప్రింట్ కూడా అక్కర్లేదు అని గొప్పగా వేశారు. అసలు ఐటీ చట్టం 2000 మొదటి షెడ్యూల్లోనే వీలునామాకి ఆ చట్టం వర్తించదని ఉంది. కాగితం మీద వీలునామా రాసే మనిషి చేత్తో సంతకమో వేలిముద్రో పడాలి, ఇద్దరు సాక్షులు అది చూసి, లేదా నేనే పెట్టానని ఆయన నోటితో చెప్తే విని, ఆయన ఎదురుగా సంతకాలు చెయ్యాలి. 1925 వారసత్వ చట్టం 63వ సెక్షన్ చెప్పేది ఇదే. ఓటీపీ వీలునామా చెల్లదని తెలిసేది మనిషి పోయాక, అప్పుడు మళ్లీ రాయిద్దామన్నా ఎవరున్నారు.

రెండోది పొలం. తాత గారి పంపకాల్లో నాన్నకి వచ్చిన భూమి అది, డ్రాఫ్ట్‌లో మొత్తం నాన్న సొంతం అన్నట్టు రాసేశారు. స్వార్జితమా పిత్రార్జితమా అన్న ప్రశ్నే లేదు ఫారంలో! పిత్రార్జితంలో నాన్న తన వాటా వరకే రాయగలరు, నాకూ అక్కకీ పుట్టుకతోనే హక్కుంది (ఆడపిల్లలకి దేశమంతా 2005లో వచ్చింది గానీ ఉమ్మడి ఆంధ్రలో అప్పటికి పెళ్లికాని వాళ్లకి ఎన్టీఆర్ టైంలోనే ఇచ్చారు).

ఇది పట్టుకుంది కాల్‌లో మాట్లాడిన లాయర్ మేడమే. ఆ 2.5 మొత్తం ఆవిడకే అనుకోండి. నామినీ ఉన్నాక మళ్లీ వీలునామా ఎందుకమ్మా అని నాన్న అడిగితే, నామినీ డబ్బు చేతికి తీసుకునే మనిషే గానీ ఓనర్ కాదండీ, షేర్లు ఫండ్స్ విషయంలో 2023లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది అని ఓపిగ్గా వివరించారు. స్టాంప్ డ్యూటీ లేదు, తెల్లకాగితం చాలు, రిజిస్ట్రేషన్ కంపల్సరీ కాదు, కానీ భూమి ఉంది కాబట్టి చేయించుకుంటే మంచిది అన్నారు. డ్రాఫ్ట్ ఇంగ్లీషులో ఉంది, నాన్నకి ఇంగ్లీషు రాదు, రేపెవరన్నా ఆయనకి అర్థం కాకుండా సంతకం పెట్టించారని కోర్టుకెళ్తే చిక్కు, తెలుగులో రాయించండి అన్నదీ ఆవిడే. మన దగ్గర డబ్బులు తీసుకునే కంపెనీ తెలుగు ఆప్షన్ పెట్టకపోవడమేంటో.

చివరికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరుండే రైటర్ గారితో తెలుగులో రాయించి, ఆస్తిలో ఏమీ రానివాళ్లని, నాన్నకన్నా బాగా చిన్నవాళ్లని సాక్షులుగా పెట్టి రిజిస్టర్ చేయించాం. రేపు గొడవైతే కనీసం ఒక సాక్షి కోర్టుకొచ్చి చెప్పాలి కదా, ఈయన ఈడువాళ్లని పెడితే ఎవరుంటారో ఎవరికి తెలుసు.

ఫ్లాట్, బ్యాంకు డబ్బులు మాత్రమే ఉన్నవాళ్లకి చిన్న ప్యాక్ సరిపోద్ది, ప్రింట్ తీసి సంతకాలు పెట్టించుకోండి. పొలం ఉంటే లాయర్‌తో మాట్లాడకుండా ఫైనల్ చెయ్యొద్దు. ఈ-సైన్ వరకు డబ్బులు వెనక్కి ఇమ్మన్నా, "ప్రాసెస్‌లో ఉంది సార్" అంటున్నారు.