ఇథనాలా, గోబర్ గ్యాసా, చెత్త కరెంటా: ఏది మేలు?

ఈ ఏడాదిలో ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్క లేదు. పెట్రోలు బంకు దగ్గర ఈ20 (చెరకు, ధాన్యం లాంటివాటి నుంచి తీసే ఆల్కహాల్ అయిన ఇథనాల్ ఇరవై శాతం కలిసిన పెట్రోలు) బోర్డు చూసినవాళ్లు అడుగుతారు, ఊళ్లో ఇథనాల్ ఫ్యాక్టరీ వస్తుందని విన్నవాళ్లు అడుగుతారు. మా తమ్ముడు కూడా అడిగాడు. వాడి పాడి దగ్గర మా నాన్న కట్టించిన గోబర్ గ్యాస్ గుమ్మటం పోయినేడు బీటలు వారింది. "బాగు చేయించాలా, పూడ్చేసి సిలిండర్‌తో సరిపెట్టుకోవాలా అన్నయ్యా?" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. మొక్కల నుంచీ పేడ నుంచీ చెత్త నుంచీ వచ్చే ఇంధనం మనకు కొత్తేమీ కాదు. 1990 నాటికి మన దేశం వాడే మొత్తం శక్తిలో దాదాపు నలభై శాతం కట్టెలు, పిడకలు, పొట్టూ పుల్లల నుంచే వచ్చేది. ఇప్పుడది ఐదో వంతు దగ్గరికి దిగింది. బొగ్గు, చమురు వాడకం బాగా పెరగడం ఒక కారణమైతే, ఉజ్వల లాంటి పథకాలతో గ్యాస్ పొయ్యిలు ఇంటింటికీ రావడం ఇంకో కారణం. పొగలో కళ్లు నలుపుకుంటూ వండిన అమ్మలకు అది మేలే. అయితే పొయ్యి దగ్గర తగ్గిన ఈ ఇంధనం బంకుల దగ్గర పెరుగుతోంది. 2014లో పెట్రోలులో కలిసే ఇథనాల్ ఒకటిన్నర శాతం. 2022 జూన్‌కు పది శాతమైంది. 2030కి అనుకున్న ఇరవై శాతం 2025లోనే అందుకున్నారు.

ఇది చిన్న విషయం కాదు. చమురు దిగుమతికి పోయే డాలర్లు కొంత మిగిలాయి, చెరకు రైతులకు మిల్లుల బకాయిల బాధ కొంత తీరింది. అది ఒప్పుకోవాల్సిందే. మైలేజీ తగ్గుతుందా అంటే, తగ్గుతుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో దాదాపు మూడింట రెండు వంతులే. ఇరవై శాతం కలిపితే లీటరుకు ఆరేడు శాతం శక్తి తక్కువ. బండిని బట్టి ఆ తేడా కొంత అటూ ఇటూగా తెలుస్తుంది. 2023 ఏప్రిల్‌కు ముందు కొన్న బండి అయితే రబ్బరు పైపులు, సీళ్లు ఒకసారి మెకానిక్‌కు చూపించుకోండి. దానికి మించి టెన్షన్ పడనక్కర్లేదు.

నా అభ్యంతరం మైలేజీ గురించి కాదు. ఆ ఇథనాల్ దేంతో చేస్తున్నారన్నది నా ప్రశ్న. చక్కెర మిల్లులో మిగిలే మడ్డి (మొలాసిస్) నుంచి, పాడైన ధాన్యం నుంచి చేస్తే ఎవరూ కాదనరు. కానీ 2023 జులైలో ఎఫ్‌సీఐ (కేంద్ర ఆహార సంస్థ) ఇథనాల్‌కు బియ్యం ఇవ్వడం ఆగింది, డిసెంబరులో చెరకు రసం వాడకానికి పగ్గాలు పడ్డాయి. ఇథనాల్ తీసే డిస్టిలరీలు మొక్కజొన్న మీద పడ్డాయి. టన్ను గింజలకు వచ్చేది 380 లీటర్ల ఇథనాల్. మొక్కజొన్నను ఎగుమతి చేసే దేశం 2024లో దాన్ని దిగుమతి చేసుకునే స్థితికొచ్చింది. దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే ఉండే కోళ్ల రైతుకు ఆ ఏడు ఎలా గడిచిందో గోదావరి జిల్లాల్లో ఎవర్ని అడిగినా చెబుతారు. అదే పంట పండించే రైతుకు మాత్రం మంచి ధర దొరికింది. నాణేనికి ఆ వైపు కూడా చూడాలి.

చెరకు సంగతి వేరు. అక్కడ సమస్య నీళ్లు. చెరకు నుంచి లీటరు ఇథనాల్ రావాలంటే పొలంలో పెట్టే నీటితో కలిపి సుమారు 2,860 లీటర్ల నీళ్లు పడతాయని నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికే చెప్పింది. నీళ్లు, వాసన, వ్యర్థాల భయంతోనే 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డెక్కారు, ఫ్యాక్టరీ పనులు ఆగాయి. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022లో తెరిచిన ప్లాంటు వరిగడ్డితో ఇథనాల్ చేస్తుంది. దారి అదే, కానీ ఖర్చు ఎక్కువ కాబట్టి అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి.

నేను దేన్నైనా ఒకే కొలతతో చూస్తాను. ఇంధనం తీసుకున్నాక మిగిలినది పొలానికి తిరిగి వెళ్తుందా, లేదా? ధర ఏటా మారుతుంది, సబ్సిడీ ప్రభుత్వాన్ని బట్టి మారుతుంది. నేలలోంచి పోయిన సారం మాత్రం తిరిగి వేస్తేనే వస్తుంది. మన పొలాల్లో సేంద్రియ కర్బనం ఎంత పడిపోయిందో మట్టి పరీక్ష చేయించిన ప్రతి రైతుకూ తెలుసు.

ఈ కొలతకు గోబర్ గ్యాస్ నిలిచినట్టు ఇంకేదీ నిలవదు. పేడ తొట్టిలో కుళ్లినప్పుడు గ్యాస్‌గా బయటికొచ్చేది ముఖ్యంగా కర్బనం, హైడ్రోజన్. నత్రజని, భాస్వరం, పొటాష్ స్లర్రీలోనే (గ్యాస్ పోయాక మిగిలే పేడ నీళ్లలోనే) ఉండిపోతాయి. అదే పేడను పిడక చేసి కాలిస్తే నత్రజని పొగలో పోతుంది. పెంటకుప్పగా వేసి ఎండకూ వానకూ వదిలేసినా చాలావరకు పోతుంది.

మా తమ్ముడిది రెండు ఘనపు మీటర్ల ప్లాంటు. రోజుకు యాభై కిలోల పేడ, అంతే నీళ్లు. నాలుగైదు పశువులుంటే చాలు. మరదలు పొద్దున్నే గడ్డిపోచలు ఏరేసి, తొట్టిలో చేత్తో పిసికి, ఉండలు లేకుండా కలుపుతుంది. ఉండలుంటే పైన తెట్టు కడుతుంది, గ్యాస్ పైకి రాదు. నీలం మంట వస్తుంది, గిన్నె అడుగున మసి ఉండదు. మంట ఎగిరెగిరి పడుతోందంటే పైపులో నీరు చేరినట్టు, వంపు దగ్గర కుళాయి తిప్పి వదిలేస్తే సరి. చలికాలంలో గ్యాస్ తగ్గుతుంది, అది నిజం. లెక్కకు మాత్రం నెలకు దాదాపు రెండు సిలిండర్లతో సమానం. అన్నిటికంటే నాకు నచ్చేది స్లర్రీ బయటికొచ్చే రెండో గుంత. అక్కడికొచ్చే స్లర్రీకి పేడ వాసన ఉండదు, ఈగలు ముసరవు. దాన్ని మిరప మడికి పారించాక కలుపు కూడా తగ్గిందని మరదలే చెప్పింది. పేడతో వచ్చే కలుపు గింజల్లో చాలావరకు లోపలే చచ్చిపోతాయి.

ఊరికి సరే, నగరానికి? ఇండోర్‌ను చూడండి. రోజుకు 550 టన్నుల తడి చెత్త పట్టే ప్లాంటును 2022లో తెరిచారు. 17 టన్నుల గ్యాస్, 100 టన్నుల ఎరువు దాని సామర్థ్యం. సిటీ బస్సులు ఆ గ్యాస్‌తో నడుస్తాయి. మన హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల చెత్త రోజుకు పది టన్నులు పట్టే ప్లాంటు ఉంది. ఐదొందల యూనిట్ల కరెంటు వస్తే మార్కెట్ దీపాలు దాంతోనే వెలుగుతాయి. ఇండోర్ గెలిచింది యంత్రాల వల్ల కాదు, ఇంటి గుమ్మం దగ్గరే తడి, పొడి వేరు చేయడం వల్ల. అది లేకనే మిగతాచోట్ల ఈ పని వెనకబడింది. సతత్ పథకం కింద 2018లో ఐదు వేల బయోగ్యాస్ ప్లాంట్లన్నారు, ఏడేళ్లకు వందల్లోనే ఆగింది. చెత్త సక్రమంగా రాదు, గ్యాస్ పైపులైను దగ్గర్లో ఉండదు, ఎరువు కొనేవాళ్లు దొరకరు. టన్ను ఎరువుకు రూ.1,500 సాయం 2023లో ప్రకటించారు గానీ, రైతు మనసులో అది యూరియా బస్తాతో ఇంకా పోటీ పడలేకపోతోంది.

ఇక చెత్త కాల్చి కరెంటు తీయడం. జవహర్‌నగర్, గుంటూరు, విశాఖల్లో ఉన్నాయి. కొండల్లా పేరుకున్న చెత్త తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ మన చెత్తలో సగం పైగా తడిది. 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో పెట్టిన మొదటి ప్లాంటు చెత్త సరిగా మండక కొద్ది రోజులకే మూతపడింది. పొలానికి వెళ్లేదేమీ ఉండదు, మిగిలే బూడిదను జాగ్రత్తగా పూడ్చిపెట్టాలి. రీసైకిల్ కాని పొడి చెత్తకు మాత్రమే ఇది సరిపోతుంది.

అడవి ఆముదంతో బయోడీజిల్ అన్నది 2003 నాటి ఆశ. నీళ్లు లేకుండా మొక్క బతికింది, కాయలు కాయలేదు. రైస్‌మిల్లు బాయిలర్లో ఊక, చక్కెర మిల్లులో పిప్పి ఎప్పటినుంచో కాలుస్తున్నారు, దాని గురించి పేచీ లేదు.

బయోగ్యాస్‌కు కూడా నా షరతు ఒకటుంది. ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసిన బయోగ్యాస్ ప్లాంటుకు బంజరు భూముల్లో నేపియర్ గడ్డి (పశువుల మేతకు వేసే ఏపుగా పెరిగే గడ్డి) వేస్తామంటున్నారు. బంజరులో వేస్తే మంచిదే. జర్మనీలో గ్యాస్ కోసమే మొక్కజొన్న వేయడం మితిమీరి 2012లో చట్టంతో పరిమితి పెట్టాల్సొచ్చింది. నీళ్లున్న పొలంలోకి గడ్డి దిగితే మొక్కజొన్న ఇథనాల్‌కు చెప్పిన అభ్యంతరమే దీనికీ చెబుతాను. మీ ఊరికి ఇలాంటి ప్లాంటు వస్తే, గ్యాస్ ధర కంటే ముందు అడగండి: నీళ్లు ఎక్కడివి, ఎరువు ట్రాక్టరు ఏ పొలాలకు వెళ్తుంది, ఏ ధరకు?

తమ్ముడు గుమ్మటం పూడ్చలేదు. పాతదాన్ని బాగు చేసే మేస్త్రీ కోసం మూడు మండలాలు తిరిగి, ఆఖరికి డెబ్బై ఏళ్ల పెద్దాయన్ను పట్టుకొచ్చాడు. ఆయన లోపలికి దిగేముందు మూత తీసి రెండు రోజులు గాలి ఆడనిచ్చి, తర్వాత ఒక కోడిని తాడు కట్టి దించి చూశాడు. అది హాయిగా తిరుగుతోందని తేలాకే నిచ్చెన వేశాడు.