ఫ్రీరెగ్: ఇంగ్లండ్ పల్లె చర్చి రిజిస్టర్ల సూచిక, చాలా ఏళ్ల వాడకం తర్వాత

ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరి కుటుంబాన్ని 1837 జూలై 1కి వెనక్కి తీసుకెళ్లాలంటే చర్చి రిజిస్టరే దిక్కు. ప్రభుత్వం జనన మరణాల నమోదు మొదలుపెట్టింది ఆ రోజునే. అంతకు ముందున్నవల్లా, 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఇచ్చిన ఉత్తర్వుతో ప్రతి పారిష్‌లో (అంటే ఒక చర్చి పరిధిలో) మొదలైన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల పుస్తకాలు. ఆ పుస్తకాలను వాలంటీర్లు చదివి ఎత్తిరాసిన ఉచిత సూచిక ఫ్రీరెగ్. చందా లేదు, వెతకడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. సూచికగా వాడుకుంటే దీనికి సాటి లేదు. ఇక్కడ కనబడిన నమోదును నేరుగా వంశవృక్షంలోకి ఎక్కిస్తే మాత్రం పప్పులో కాలేసినట్టే.

చాలామంది పేరు కొట్టి, ఏమీ రాకపోతే వెళ్లిపోతారు. నేనైతే ముందు ఊరి పేజీ తెరవమంటాను. ఆ పారిష్‌లో ఏ చర్చివి, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ రకం పుస్తకం నుంచి ఎత్తిరాశారో అక్కడ ఉంటుంది. అసలు రిజిస్టరా, లేక ఏటా బిషప్‌కు పంపిన నకలా అన్నది ముఖ్యం. 1598 నుంచి ప్రతి పారిష్ ఏడాదికోసారి నకలు పంపాలి. తీరిగ్గా కూర్చుని రాసిన ఆ నకళ్లలో దస్తూరి బాగుంటుంది కానీ పేర్లు జారిపోతాయి. అరుదుగా అసలులో లేని వివరం నకలులో దొరుకుతుంది. రెండూ ఉంటే రెండూ చూడాల్సిందే.

అక్కడే ఇంకో లెక్క వేసుకోవచ్చు. నాలుగు వందల మంది ఉన్న ఊళ్లో ఏడాదికి సుమారు పన్నెండు, పదమూడు బాప్తిస్మాలు జరగాలి, అంటే దశాబ్దానికి నూట పాతిక పైచిలుకు. ఎత్తిరాసినవి ముప్పయ్యే ఉంటే పుస్తకంలో గండి ఉందని అర్థం. 1640లు, 50లలో అంతర్యుద్ధం వల్ల ఇలాంటి గండ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. 1783 నుంచి 1794 వరకు ఒక్కో నమోదుకు మూడు పెన్నీల పన్ను ఉండేది. పేదలకు మినహాయింపు కాబట్టి వారి పేరు పక్కన ‘పి’ (పాపర్, అంటే పేద) అని రాసేవారు. ఆ ఏళ్లలో లెక్క తగ్గితే పిల్లలు పుట్టలేదని అనుకోకూడదు. ఆ పన్నెత్తేశాక ఒకే ఇంటి పిల్లలు నలుగురైదుగురికి ఒకే రోజు బాప్తిస్మం జరిగిన నమోదులు కూడా వస్తాయి. బాప్తిస్మం తేదీని పుట్టినరోజుగా రాసుకోకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇక వెతుకులాట. ఇంటిపేరు, ఊరు, సంవత్సరాల పరిధి ఇచ్చి మొదలుపెట్టాలి. మొదటి పేరు ఖాళీగా వదిలేయడమే మేలు. పలుకు దగ్గరగా ఉన్న పేర్లను కలిపి చూపే సౌండెక్స్ గడి టిక్ చేస్తే స్పెల్లింగ్ తేడాలు చాలావరకు పట్టుకుంటుంది కానీ మొదటి అక్షరాన్ని అది కదపదు. నైట్ అనే ఇంటిపేరులో పలకని ‘కె’ ఉంది. ఆ ‘కె’ వదిలేసి ‘ఎన్’తో రాసిన నమోదు సౌండెక్స్‌కు చిక్కదు. పల్లె ఉచ్చారణలో ‘హెచ్’ ఎగిరిపోయిన హారిస్, ‘ఏ’తో మొదలయ్యే ఆరిస్‌గా ఉంటాడు. వీటిని విడివిడిగా వెతకాలి. మధ్యలో ఒక్క అక్షరం అనుమానమైతే ప్రశ్నార్థకం, చివర ఎన్ని ఉన్నాయో తెలియకపోతే నక్షత్రం గుర్తు వాడాలి. ఫలితాల్లోని పేరులో కిందిగీత గానీ చదరపు బ్రాకెట్లు గానీ కనబడితే, ఎత్తిరాసినవారికే ఆ అక్షరం తెలియలేదన్నమాట. ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చిన విషయం. ఊహించి పూరించిన సూచికల కంటే ఇది నయం.

చుట్టుపక్కల ఊళ్లను కూడా కలిపి వెతికే గడి ఒకటుంది. పెళ్లిళ్లకు దాన్ని తప్పకుండా వాడాలి, ఎందుకంటే పెళ్లి సాధారణంగా వధువు పారిష్‌లో జరిగేది. సాక్షులను కూడా వెతకమనే గడి ఇంకా విలువైనది. హార్డ్‌విక్ చట్టం ప్రకారం 1754 మార్చి 25 నుంచి పెళ్లి పుస్తకంలో వధూవరులతో పాటు సాక్షుల సంతకాలూ ఉండాలి. అన్నలు, చెల్లెళ్లు, మేనమామలు అక్కడ పట్టుబడతారు. అయితే ఒకే పేరు ఇరవై పెళ్లిళ్లకు వరసగా సాక్షిగా ఉంటే అతను చుట్టం కాదు, ఆ చర్చి క్లర్క్.

తేదీల దగ్గర ఎక్కువమంది తడబడతారు. 1752కి ముందు ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టర్‌లో ఒక జంట పెళ్లి 1723 ఏప్రిల్‌లో, బిడ్డ బాప్తిస్మం 1723 ఫిబ్రవరిలో కనబడితే, పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు అనిపిస్తుంది. ఆ ఫిబ్రవరి ఏప్రిల్ తర్వాత వచ్చినదే. మన లెక్కలో అది 1724, పెళ్లయిన పది నెలలకు. అందుకే 1723/4 అని రెండు సంవత్సరాలూ రాసే పద్ధతి ఉంది. మీ పట్టికలోనూ అలాగే రాసుకోండి.

బాప్తిస్మం దొరకగానే మనిషి దొరికాడని సంబరపడకుండా, అదే పేరుతో ఖననం ఉందేమో తర్వాతి పదేళ్లలో చూడాలి. పసిబిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం మామూలు. మొదటి జాన్ నాలుగో నెలలో మట్టిలో కలిసిపోతే, మనం వెతికే తాత రెండో జాన్. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి, పేజీకి ఎనిమిది నమోదులు. బాప్తిస్మంలో తండ్రి వృత్తి, నివాసం, ఖననంలో వయసు తప్పనిసరయ్యాయి. అక్కడి నుంచి పని సగం తేలిక.

అసలు పేజీ చూడకుండా ఏదీ ఖాయం చేయకూడదు. ఫ్రీరెగ్‌లో రిజిస్టర్ పేజీల బొమ్మలు ఉండవు. వందేళ్లు దాటిన పుస్తకాలు జిల్లా రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి. వాటి స్కాన్లు జిల్లాను బట్టి వేర్వేరు చందా సైట్లలో దొరుకుతాయి: డార్సెట్‌వి యాన్సెస్ట్రీలో, ష్రాప్‌షైర్‌వి ఫైండ్‌మైపాస్ట్‌లో, ఎసెక్స్‌వి ఆ రికార్డు ఆఫీసు సొంత చందా సైట్‌లో. చందా కట్టేముందే ఇది చూసుకోవాలి. పదహారు, పదిహేడో శతాబ్దాల సెక్రెటరీ దస్తూరిలో ‘సి’ మన కంటికి ‘ఆర్’లా ఉంటుంది, ‘ఇ’ వెనక్కి తిరిగి ఉంటుంది, ‘హెచ్’ గీత కిందికి దిగుతుంది. అనుమానం వచ్చిన అక్షరాన్ని అదే పేజీలో తెలిసిన పదంలోని అక్షరంతో పోల్చాలి. నెలల పేర్లు, వారాల పేర్లు అందుకు బాగా పనికొస్తాయి. పాత రిజిస్టర్లు కొన్ని లాటిన్‌లో ఉంటాయి. అందులో జేమ్స్ జాకోబుస్ అవుతాడు, విలియం గులియెల్ముస్ అవుతాడు.

పేర్లు తేలాక మనుషులను నేల మీద నిలబెట్టేది టైత్ పటం, అంటే చర్చికి కట్టే పదో వంతు పన్ను లెక్క కోసం గీసిన భూమి పటం. 1836 చట్టంతో తయారైన ఈ పటాలు, వాటి పట్టికలు మన అడంగల్ చూసినవారికి కొత్తగా అనిపించవు: భూస్వామి, సాగుదారు, నంబరు, చెలక పేరు, పంట రకం, విస్తీర్ణం. విస్తీర్ణం మూడు గడుల్లో ఉంటుంది: ఎకరాలు, రూడ్‌లు, పర్చ్‌లు. 2-1-30 అంటే 2.13 కాదు. ఎకరానికి 4 రూడ్‌లు, రూడ్‌కు 40 పర్చ్‌లు కాబట్టి అది 2.4375 ఎకరాలు. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం సైట్‌లో ఉచితంగా ఉన్న మైలుకు 25 అంగుళాల కొలతతో గీసిన పాత ఆర్డినెన్స్ సర్వే (ప్రభుత్వ భూ సర్వే) పటాన్ని పక్కన పెట్టుకుంటే చెలక ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. కానీ రెండు పటాల నంబర్లు వేరు, గట్ల ఆకారం చూసి పోల్చాలి. సాగుదారు పేరును 1841 జనాభా లెక్కతో కలిపి చూసేటప్పుడు, అందులో పదిహేనేళ్లు దాటినవారి వయసును కింది అయిదు గుణిజానికి తగ్గించి రాశారని గుర్తుంచుకోండి. 34 ఏళ్లవాడు 30గా కనబడతాడు.

బాప్తిస్మం ఉండి, పెళ్లీ ఖననమూ ఇంగ్లండ్‌లో ఎక్కడా లేని కుర్రాడి సంగతి మన వైపు తేలొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 వరసలో ఉన్నాయి. ఇంగ్లండ్ నుంచి వచ్చి మచిలీపట్నం, సికింద్రాబాద్ దండులో పోయిన సైనికుల పేర్లు అందులో వెతకాలి. ఊరి పేరును మసూలిపటామ్ అని, ఆనాటి స్పెల్లింగ్‌తోనే కొట్టాలి.