మంచు ఊళ్లో ఆ ఎర్రకప్పు కాటేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

నిన్న రాత్రే ఇంటికొచ్చాం. బ్యాగులు ఇంకా విప్పలేదు, తడిసిన సాక్సులు హాల్లోనే ఆరుతున్నాయి. కోపం చల్లారాక రాద్దామంటే ఈలోగా ఇంకో కుటుంబం డబ్బు కట్టేస్తుంది, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

అందరం వాడే యాప్‌లోనే బుక్ చేశాను. ఎర్ర కప్పు, చెక్క వరండా, కిటికీలోంచి స్కీ లిఫ్ట్ కనిపించే ఫోటో, ఆ కాటేజీయే. వెతగ్గానే మొదట్లోనే వస్తుంది కాబట్టి మీలో చాలామంది చూసే ఉంటారు. మేం ఐదుగురం: నేను, మా ఆయన, అత్తయ్య, పిల్లలిద్దరు. మూడు రాత్రులకి మొత్తం ముందే కట్టేశాను, పిల్లలకి స్కీలు కూడా కలిపి. స్కీయింగ్ నేర్చుకుంటామని వాళ్లు రెండేళ్లుగా అడుగుతున్నారు. కారులో నాలుగున్నర గంటల దారి.

డబ్బు కట్టేముందు ఓనర్‌కి ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "మాది మామూలు కారండీ, ఫోర్ వీల్ డ్రైవ్ కాదు. మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, మంచులో నడవలేరు. కారు గుమ్మం దాకా వస్తుందా?" అని. "వస్తుంది మేడమ్, దారి రోజూ శుభ్రం చేయిస్తాం" అన్నాడు. నమ్మకం కుదరక బయల్దేరే ముందురోజు మళ్లీ చేశాను. మళ్లీ అదే మాట.

దారిలో కింద వాన పడుతోంది. వెయ్యి మీటర్లు పైకెక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు పడిపోతుంది, కింద వాన అయినది పైన మంచే అవుతుంది. అది తెలిసే వెళ్లాం. టైర్లకి గొలుసులు కొన్నాం. మాది ముందు చక్రాలు లాగే కారు కనక ముందు టైర్లకే వెయ్యాలి, మా ఆయన ఇంటిదగ్గరే రెండుసార్లు తగిలించి చూసుకున్నారు. మెయిన్ రోడ్డంతా బాగానే ఉంది. కాటేజీకి తిరిగే మలుపు దగ్గర ఆగిపోయాం. అక్కణ్నుంచి పైకి నిట్టనిలువు ఎత్తు, మోకాలు దాటిన మంచు, ఒక్క టైరు జాడ లేదు. ఆ రోజు పడిన మంచు కూడా కాదది, పైన గట్టిగా పెచ్చుకట్టి ఉంది. రోజుల తరబడి ఎవరూ తీయలేదు.

సాయంత్రం ఆరున్నర, చీకటి పడిపోయింది, మైనస్ 9 డిగ్రీలు. ఫోన్ చేశాను. స్పీకర్‌లో ఉంది, కారులో అందరూ వింటున్నారు.

"మంచు ఊరికొచ్చి మంచు ఉందంటారేంటి మేడమ్?"

ఇదీ మొదటి మాట. మీరు దారి తీయిస్తామన్నారు కదా అన్నాను. "నడిచి రండి, పది నిమిషాలే. అందరూ అలాగే వస్తారు" అన్నాడు. అందరూ అలాగే వస్తారట! అంటే నేను మొదటిసారి ఫోన్ చేసిన రోజే అతనికి తెలుసు. తెలిసే రెండుసార్లు అబద్ధం చెప్పాడు. అత్తయ్య సంగతి గుర్తుచేశాను. దానికి అతనన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "నడవలేని ముసలివాళ్లని ఇలాంటి చోట్లకి ఎందుకు మోసుకొస్తారు?"

కారులో ఎవరం మాట్లాడలేదు. కాసేపటికి అత్తయ్యే మెల్లగా అన్నారు, "నేను రాకుండా ఉండాల్సిందమ్మా" అని. వద్దువద్దంటున్నా బతిమాలి తీసుకెళ్లింది నేను. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. ఆవిడ చేత ఆ మాట అనిపించినందుకు మాత్రం నేను అతన్ని క్షమించలేను.

మనిషిని పంపిస్తానని ఫోన్ పెట్టేశాడు. యాభై నిమిషాలు ఎదురుచూశాం. హీటర్ కోసం ఇంజన్ ఆన్‌లోనే ఉంచాలి, వెనకేమో మంచు పేరుకుంటోంది. సైలెన్సర్ గొట్టం మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతున్నారు. మా ఆయన పది నిమిషాలకోసారి దిగి చేతుల్తో ఆ మంచు తోడారు. పైనుంచి ఎవరూ రాలేదు. తర్వాత నా ఫోన్ ఎత్తలేదు.

ఎలాగో వెనక్కి తిప్పుకుని కిందకొచ్చి ఒక చిన్న లాడ్జిలో ఒకే గదిలో ఐదుగురం పడుకున్నాం. తెల్లారి యాప్‌లో మెసేజ్: "అతిథులు రాలేదు, డబ్బు వాపసు లేదు." వాళ్ల గుమ్మం కింద గంటసేపు ఉన్నవాళ్లం రాలేదట! కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, కారు వస్తుందని ఆయన మెసేజ్‌లో రాశారా అని అడిగారు. లేదు, ఫోన్‌లో చెప్పాడు. ఇక్కడే నా తప్పు, ఒప్పుకుంటున్నా. అదే ప్రశ్న చాట్‌లో టైప్ చేసి ఉంటే నా చేతిలో సాక్ష్యం ఉండేది. పైగా పేజీలో అట్టడుగున, నొక్కితే తప్ప తెరుచుకోని చోట, "శీతాకాలంలో ఫోర్ వీల్ డ్రైవ్ అవసరం కావచ్చు" అని రాసుంది. ఇంకో సంగతి. బయట తీసిన ఫోటోలు మళ్లీ చూస్తే ఒక్కదాంట్లోనూ మంచు లేదు, అంతా పచ్చగడ్డే. పదిసార్లు చూశాను ఆ ఫోటోలు, నాకెందుకు తట్టలేదో.

స్కీల డబ్బూ పోయింది. ఆ ఓనర్ పిల్లల వయసు తప్ప ఏమీ అడగలేదు. మర్నాడు వాలు దగ్గరున్న అద్దె షాపులో ఆ అబ్బాయి ఇద్దరి బరువు, ఎత్తు, వయసు, ఇదివరకు నేర్చుకున్నారా అన్నీ అడిగి, బూటు అడుగు పొడవు చూసి, దాన్నిబట్టి బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే క్లిప్పు, బిగించాడు. పడ్డప్పుడు బూటు స్కీ నుంచి ఊడిరాకపోతే కాలు విరుగుతుందట. పిల్లలు ఒక్కపూటైనా ఆడుకున్నారు, అంతే దక్కింది.

వెళ్లేవాళ్లు ఏం అడిగినా యాప్ చాట్‌లోనే అడగండి. మెయిన్ రోడ్డు నుంచి గుమ్మం దాకా మంచు ఎవరు తీస్తారో, ఎప్పుడు తీస్తారో రాయించుకోండి. రివ్యూల్లో చలికాలంవి మాత్రమే చదవండి. టైర్ల మీద ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అని ఉంటే చాలనుకోకండి, కొండ బొమ్మలో మంచు పువ్వు గుర్తు ఉన్నవే మంచు మీద పరీక్షించినవి.

రివ్యూ పెడదామంటే, అక్కడ బస చేయనివాళ్లు రాయడానికి లేదట. ఆ పేజీలో చెడ్డ రివ్యూ ఎందుకు లేదో ఇప్పుడర్థమైంది. మీలో ఎవరినైనా అతను ఇలాగే "రాలేదు" అని రాసి ఉంటే తేదీలతో సహా నాకు చెప్పండి. అందరం కలిసి మళ్లీ ఫిర్యాదు చేద్దాం.