పౌర్ణమికి వెళ్లకండి, తొమ్మిదింటికే వచ్చేయకండి

ఔత్సాహికులు సొంతంగా నడుపుకునే ఓ అబ్జర్వేటరీలో కొన్ని శనివారాలు మామూలు జనానికి టెలిస్కోపుల్లోంచి ఆకాశం చూపిస్తారు. ఇప్పటికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి విసుక్కుంటూ తిరిగొచ్చా, రెండోసారి మబ్బులు చూసి వచ్చా, మూడోసారి మాత్రం పదకొండున్నర దాకా అక్కడే ఉండిపోయా. ఐదింటికి నాలుగు స్టార్లు ఇస్తున్నా. తగ్గించిన ఆ ఒక్కటి ఎందుకో కూడా చెప్తా.

మొదటిసారి పౌర్ణమి. జనం బాగా వస్తారని ఆ రోజు పెట్టారట, వచ్చారు కూడా. కానీ టెలిస్కోపులో చంద్రుణ్ణి చూడ్డానికి పౌర్ణమి కంటే పనికిరాని రోజు లేదు. సూర్యుడు మన వెనకనుంచి తిన్నగా వెలుగు పడేస్తాడు కాబట్టి అక్కడి కొండలకూ గుంటలకూ మనకు కనిపించే నీడంటూ ఉండదు, సున్నం పూసిన పళ్లెంలా చదునుగా మెరిసిపోతుంది. చూసి పక్కకు తిరిగితే కాసేపు ఆ కంటికి ఏమీ కనపడదు. పైగా ఆ వెలుగులో మిగతా ఆకాశమంతా వెలిసిపోతుంది. అదే శుద్ధ సప్తమి, అష్టమి రోజుల్లో వెళ్తే వెలుగూ చీకటీ కలిసే గీత పొడవునా ఒక్కో గుంట అంచు, దాని నీడ గీసినట్టు కనిపిస్తాయి. ఈ సంగతి నిర్వాహకులకు తెలియదనుకోను. తెలిసీ ఆ రోజే పెట్టడం నాకు నచ్చలేదు.

రెండోసారి మబ్బు. కార్యక్రమం రద్దు అని సాయంత్రం ఆరింటికి మెసేజ్ పెట్టారు, నేను అప్పటికే సగం దారిలో ఉన్నా. సరే అని వెళ్తే ఉన్న పదిమందికీ ఒక పెద్దాయన తన డాబ్సోనియన్ టెలిస్కోపు విప్పి లోపలేముందో చూపించాడు, నిజం చెప్పాలంటే అది మొదటి రోజు కంటే నయం. అడుగున పుటాకార అద్దం, పైన ఏటవాలుగా చిన్న అద్దం, పక్కన కన్ను పెట్టి చూసే ఐపీస్, కింద ప్లైవుడ్ పెట్టె, అంతే. మోటార్ లేదు, కంప్యూటర్ లేదు. దీన్ని జనంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ శాన్ ఫ్రాన్సిస్కోలో ఓ వేదాంత మఠంలో సన్యాసిగా ఉండేవాడట, ఓడ కిటికీల అద్దాలు సంపాదించి చేత్తో అరగదీసి టెలిస్కోపులు చేసేవాడు. మఠం వదిలాక 1968లో కొందరితో కలిసి సంఘం పెట్టి, ఫుట్‌పాత్ మీద టెలిస్కోపు నిలబెట్టి దారినపోయే వాళ్లందరికీ చంద్రుణ్ణి చూపించాడు. మాకు విప్పి చూపించిన పెద్దాయన చేతిలో ఉన్న అద్దం 10 అంగుళాలది. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప కంటే దాదాపు 1,300 రెట్లు ఎక్కువ వెలుగు పోగుచేస్తుంది. 'ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని అందరూ అడుగుతారు బాబూ, ఎంత వెలుగు పడుతుందో అడగాలి' అన్నాడు.

ఇక మూడోసారి, అమావాస్యకు రెండు రోజుల ముందు. ఎనిమిదింటికి శని గ్రహం చూసే క్యూ చాంతాడంత ఉంది, మనిషికి పదిహేను సెకన్లు. ఇక్కడ ఓ విషయం గమనించాను. వచ్చిన ప్రతివాళ్లూ ఐపీస్‌ని చేత్తో పట్టుకుంటారు, గొట్టం కదులుతుంది, శని మాయం. నేనూ అదే చేశా. పట్టుకోకపోయినా నిలవదు. మోటార్ లేని టెలిస్కోపు కదా, 150 రెట్లు పెద్దగా చూపించేటప్పుడు భూమి తిరుగుడుకి గ్రహం నిమిషం పైచిలుకులో ఈ అంచునుంచి ఆ అంచుకి జారిపోతుంది. ఆ పెద్దాయన ఇద్దరికోసారి వంగి, చూపుడువేలితో గొట్టాన్ని వెంట్రుకవాసి నెట్టి మళ్లీ మధ్యకు తెస్తున్నాడు. గంటసేపు అలాగే, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

శని ఎలా ఉందంటే, చిన్న లేత పసుపు బంతికి అడ్డంగా సన్నటి పుల్ల గుచ్చినట్టు. ఫొటోల్లోలా వెడల్పాటి వలయాలు ఊహించుకున్న నా ముందున్నాయన మొహం చిన్నబోయింది. టెలిస్కోపు తప్పు కాదు. 2025 మార్చిలో ఆ వలయాల అంచు సరిగ్గా మన వైపు తిరిగింది, దాదాపు పదిహేనేళ్లకోసారి అలా జరుగుతుంది, అక్కణ్నుంచి మెల్లగా విచ్చుకోవాలి. వెడల్పుగా కనపడేది 2032 ప్రాంతంలో. ఈ రెండు ముక్కలు క్యూలో ఉండగానే చెప్తే ఎవరూ నిరాశపడేవాళ్లు కాదు. నాకైతే ఆ పుల్లే నచ్చింది, పక్కన చుక్కలా శని చందమామ టైటన్ కూడా ఉంది.

డోమ్‌లో ఉన్న పెద్ద టెలిస్కోపు కోసం గంట నిలబడకండి. నేను నిలబడ్డాను. పగలంతా వేడెక్కిన గదిని ఆలస్యంగా తెరిచారు, ఆ వేడిగాలి పైన తెరిచిన సందులోంచి బయటికి పోతుంటే బొమ్మ నీళ్లలో నాణెంలా కదులుతోంది. నిచ్చెన నిటారుగా ఉంది, మోకాళ్ల నొప్పులున్న వాళ్లు ఎక్కలేరు. బయట మైదానంలో ఉన్న చిన్నవాటిలోనే శని స్పష్టంగా కనపడింది.

తొమ్మిదిన్నరకు పిల్లలున్న వాళ్లంతా వెళ్లిపోయారు. అసలు కార్యక్రమం అప్పుడు మొదలైందంటాను. ఆండ్రోమెడా గెలాక్సీ పెట్టారు. మొదట నాకు ఏమీ కనపడలేదు, మర్యాదకి 'ఆఁ కనిపించింది సార్' అన్నా. పెద్దాయన నమ్మలేదు! దానివైపు సూటిగా చూడొద్దు, కాస్త పక్కకు చూడమన్నాడు. కంటి మధ్యభాగానికి రంగులు బాగా తెలుస్తాయి గానీ మసక వెలుగు అంతగా అందదట, అంచుల్లోని కణాలకే అందుతుందట. పక్కకు చూస్తే నిజంగానే ఓ బూడిదరంగు మరక తేలింది, తిన్నగా చూస్తే పోయింది. తర్వాత గొట్టాన్ని గోటితో మెల్లగా తట్టాడు. దృశ్యం వణికేసరికి ఆ మరక ఎక్కడ మొదలై ఎక్కడిదాకా ఉందో ఒక్కసారిగా తెలిసిపోయింది, నేను అనుకున్నదానికి రెండింతలుంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం అన్నాడు. ఆ అంకె కంటే గోటితో తట్టడమే నాకు గుర్తుండిపోయింది.

సరిగ్గా అప్పుడే ఎవరో కారు తిప్పారు. ఒక స్టార్ పోయింది ఇక్కడే. పార్కింగ్ మైదానానికి ఎదురుగా ఉంది, వెళ్లే ప్రతి కారూ హెడ్‌లైట్లు మన మొహాన కొడుతుంది. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడ్డానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్క లైటుతో అదంతా గంగపాలు. వాలంటీర్లు ఎర్ర టార్చీలు వాడుతున్నారు బాగానే ఉంది, మరి పేర్లు రాసుకునే బల్ల మీద తెల్లటి ట్యూబ్‌లైట్ ఎందుకు? ఫోన్ల గురించి చెప్పనే అక్కర్లేదు, ఐపీస్‌కి ఫోన్ ఆనించి ఫొటో తీద్దామని ఒక్కొక్కరు రెండేసి నిమిషాలు తినేశారు.

వాలంటీర్లలోనూ తేడా ఉంది. ఒకబ్బాయి మనం ఐపీస్‌లో కన్ను పెట్టగానే దూరాలు, ద్రవ్యరాశులు ఏకరువు పెడతాడు. బాబూ, ఉన్న పదిహేను సెకన్లూ చూడనీ. ఈ పెద్దాయన అలా కాదు, ముందు చూడనిచ్చి, మనం ఏం కనపడిందో చెప్పాకే నోరు విప్పుతాడు.

పదిముప్పావుకి మేం ఐదుగురమే మిగిలాం. 'నువ్వే పట్టు' అని టెలిస్కోపు నాకిచ్చి కుర్చీలో కూర్చున్నాడాయన. పెగాసస్ అనే గుర్రం ఆకారపు నక్షత్రరాశిలో ముక్కు దగ్గరి ఎనిఫ్ నక్షత్రం నుంచి కొంచెం పైకి వెళ్తే ఎం15 అనే నక్షత్రాల గుంపు దొరుకుతుందన్నాడు. కొంచెం అంటే ఎంతో చెప్పలేదు. గురి చూసుకోడానికి గొట్టం పక్కనుండే ఫైండర్‌లో చూడ్డం, నెట్టడం, దాటిపోవడం, మళ్లీ ఎనిఫ్‌కి రావడం, మెడ పట్టేసింది. పావుగంటకి బియ్యప్పిండి రాలినట్టు గుండ్రటి మసక ఒకటి జారుతూ వచ్చింది. అది పోతుందేమోనని భయంతో ఊపిరి బిగబట్టి, వేలితో వెంట్రుకవాసి నెట్టాను. మధ్యలోకొచ్చింది. ఆయన లేచొచ్చి చూసి, 'అదే' అన్నాడు.