మారు నంబరుతో వచ్చిన మెసేజీ: బ్లాకు చేయడం మేలా, అడగడం మేలా, ఫిర్యాదు మేలా?

నిరుడు ఒక సాయంత్రం మా బావమరిది నంబరు నుంచి నాకు మెసేజీ వచ్చింది: "ఫోను పాడైంది, కాల్ కలవదు. అర్జెంటుగా ఈ కింది నంబరుకు డబ్బు పంపించు, రేపు ఇచ్చేస్తాను." పైన ఉన్న పేరు అతనిదే. నెలల తరబడి మా మధ్య నడిచిన మాటల కిందనే ఇదీ వచ్చి చేరింది. "ఎంత కావాలి?" అని అక్కడే జవాబు రాస్తే, అయిదు నిమిషాల్లో అతనే ఫోన్ చేసి, "ఎంతేమిటి బావా, దేనికి?" అన్నాడు.

అతని ఫోను పాడవలేదు, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు కూడా. వేరెవరో అతని నంబరును ముసుగుగా తొడుక్కున్నారు. 1992 డిసెంబరు 3న మొదటి ఎస్ఎంఎస్ వెళ్లిన నాటికి టెలిఫోన్ సంస్థలు ఒకదాన్నొకటి నమ్ముకుని పనిచేసేవి కాబట్టి, మెసేజీ ఎవరి నుంచి వచ్చిందో చెప్పే గడిని పంపే వైపువారే నింపే ఏర్పాటు అప్పటి నుంచీ ఉంది, అందులో ఉన్నది నిజమా కాదా అని అందుకునే ఫోను విచారించదు. ఒకేసారి వేల మెసేజీలు పంపే గేట్‌వేల ద్వారా ఆ గడిలో నంబరుకు బదులు 11 అక్షరాల దాకా పేరు కూడా పెట్టవచ్చు. బ్యాంకులు తమ పేరు కనిపించేలా మెసేజీలు పంపుతున్నది ఈ సౌకర్యంతోనే. మోసగాళ్లు వాడుకుంటున్నదీ దీన్నే. ఆ గడిలోని పేరో నంబరో పాతదానితో కలిస్తే చాలు, ఫోను కొత్త మెసేజీని పాత వరుసలోనే పడేస్తుంది. నిన్నటి అసలు ఓటీపీ కిందనే ఇవాళ్టి నకిలీ లింకు దర్జాగా కూర్చోవడానికి కారణం ఇదే.

ఇలాంటప్పుడు చాలామంది మొదట చేసే పని బ్లాకు చేయడం. ముసుగు మెసేజీల విషయంలో అన్నిటికన్నా బలహీనమైన దారి ఇదేనని నా అభిప్రాయం. బ్లాకు పడేది ముసుగు మీద, దాన్ని తొడుక్కున్నవాడి మీద కాదు. ఆ సాయంత్రం నేను కోపంతో బ్లాకు చేసి ఉంటే నష్టపోయేది బావమరిది ఒక్కడే. మోసగాడు మరుక్షణం ఇంకొకరి నంబరు పెట్టుకునేవాడు. బ్యాంకు పేరుతో వచ్చినదాన్ని బ్లాకు చేస్తే సంగతి మరీ ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే రేపు ఖాతాలోంచి నిజంగానే డబ్బు పోయినప్పుడు రావలసిన హెచ్చరిక కూడా ఆ పేరుతోనే రావాలి. ఒకే అపరిచిత నంబరు నుంచి మళ్లీ మళ్లీ వచ్చే చెత్తకు మాత్రం బ్లాకు బాగానే పనిచేస్తుంది.

జవాబు రాయడం గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. మామూలు స్పాముకు జవాబిస్తే ఈ నంబరు వాడుకలో ఉందని వాళ్లకు మనమే చెప్పినట్లవుతుంది, కాబట్టి వద్దంటారు, అది నిజమే. అరువు తెచ్చుకున్న నంబరుతో వచ్చిన మెసేజీకి రాసే జవాబు మాత్రం ఆ నంబరు అసలు యజమానికే చేరుతుంది, పంపినవాడికి అది కనిపించదు. అక్షరాల పేరుతో వచ్చినదానికైతే జవాబు వెళ్లే దారే ఉండదు. అందువల్లనే ముసుగు మెసేజీ ఏదైనా మనల్ని అక్కడినుంచి బయటికి తీసుకువెళ్లక తప్పదు: ఒక లింకు, మరో నంబరు, ఇంకో యాప్‌లోకి రమ్మనే పిలుపు. పేరు చూసి, భాషలో తప్పులు చూసి పట్టుకోవడం కన్నా ఈ గుర్తు చూసి పట్టుకోవడం తేలిక. తప్పుల్లేకుండా రాయడం మోసగాళ్లు ఎప్పుడో నేర్చుకున్నారు. జవాబు తమ దగ్గరికి రప్పించుకోవడానికి మాత్రం వాళ్లకు వేరే దారి చూపించక గత్యంతరం లేదు.

అయితే జవాబునే పరీక్షగా పెట్టుకోమని నేను చెప్పను. ఆ మనిషి పేరున డూప్లికేట్ సిమ్ తీసుకున్న మోసగాడైతే నంబరు నిజంగానే వాడి చేతిలో ఉంటుంది, జవాబూ వాడికే వెళుతుంది. అందుకే అడగదలచుకుంటే వేరే దారిలో, వీలైతే గొంతు వినిపించేలా అడగడం మేలు. బ్యాంకు విషయమైతే మెసేజీలోని నంబరుకు కాకుండా, కార్డు వెనక అచ్చువేసిన నంబరుకు ఫోన్ చేయాలి. రెండు మూడు నిమిషాలు పట్టే ఈ పని డబ్బు పోకుండా ఆపడంలో మిగతా అన్నిటికన్నా ముందుంటుంది.

అడగడం నన్ను కాపాడుతుంది గాని పంపినవాణ్ణి ఏమీ చేయదు, వాడి దాకా వెళ్లగలిగేది ఫిర్యాదు ఒక్కటే. ఈమెయిలులో అయితే ఉత్తరం నడిచివచ్చిన దారిని మనమే తెరిచి చూడవచ్చు. ఎస్ఎంఎస్‌లో ఆ దారి ఫోనుకు కనిపించదు, ఏ గేట్‌వే నుంచి లోపలికి వచ్చిందో టెలిఫోన్ సంస్థ రికార్డుల్లోనే ఉంటుంది. అమెరికా, బ్రిటన్, కెనడాల్లో అలాంటి మెసేజీని 7726కు ఫార్వర్డ్ చేస్తారు; కీప్యాడ్ మీద ఆ అంకెల్లో స్పామ్ అనే ఇంగ్లీషు మాట ఉంటుంది. ఐఫోనులో జంక్ అని రిపోర్టు చేస్తే మెసేజీ చెరిగిపోతుంది కాబట్టి ముందు స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. ఇలా అందిన సమాచారం గేట్‌వేని మూయించడానికి పనికివస్తుంది, కాని ఫలితం మనకు కనిపించదు, కనిపించినా ఆలస్యంగానే. పేర్ల దుర్వినియోగానికి సింగపూర్ వేరే ఉపాయం పట్టింది: 2023 జనవరి చివరి నుంచి అక్కడ నమోదు కాని పేరుతో వచ్చే మెసేజీ మీద, మోసం కావచ్చునన్న ముద్ర పడుతుంది.

టెలిఫోన్ సంస్థ రికార్డుల్లోకే రాని రకం ఒకటుంది. నకిలీ టవరు పరికరాన్ని కారులో పెట్టుకుని తిరుగుతూ, చుట్టుపక్కల ఫోన్లను పాత 2జీకి దింపి నేరుగా మెసేజీలు కుమ్మరిస్తారు. దీనికి ఆపరేటరు ఫిల్టరు అడ్డురాదు; ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లలో ఉన్న 2జీని ఆపే మీట, ఐఫోనులో ఐఓఎస్ 17 నుంచి లాక్‌డౌన్ మోడ్ అనే గట్టి రక్షణ అమరిక పనికివస్తాయి.

ఇక మన నంబరునే ఎవరో వాడుకుని, ముక్కూమొహం తెలియనివాళ్లు మనల్ని తిడుతూ ఫోన్ చేస్తుంటే నంబరు మార్చేయాలా? బావమరిది ఇదే అడిగాడు. ముందు బిల్లు చూడమన్నాను: అందులో ఆ మెసేజీలు పంపినట్లు ఉంటే ఫోనులో మనకు తెలియకుండా హాని చేసే మాల్‌వేర్ యాప్ ఏదో చేరిందని, లేకపోతే ముసుగేనని అర్థం. ఉన్నట్టుండి సిగ్నలే పోయి ఉంటే డూప్లికేట్ సిమ్‌ను అనుమానించి ఆపరేటరును వెంటనే పట్టుకోవాలి. బిల్లులో ఏమీ లేదు, సిగ్నలూ పోలేదు. నంబరు మారిస్తే బ్యాంకులోనూ మిగతా చోట్లా మార్పించుకునే శ్రమ మొత్తం అతనిదే, మోసగాడికి పోయేదేమీ లేదు. ఆపరేటరుకు ఫిర్యాదు చేసి, తన నంబరు నుంచి డబ్బు అడిగితే ముందు తనతో మాట్లాడమని తెలిసినవాళ్లందరికీ కబురు పెట్టి ఊరుకున్నాడు. తిట్ల ఫోన్లు నాలుగో రోజుకు ఆగిపోయాయి.