ఆగి కూర్చోవడానికి ఒక బండి: అలాస్కా హైవే మీద నాలుగు వేసవుల మోటార్‌హోమ్

మా మోటార్‌హోమ్, అంటే లోపలే మంచం, వంటగది ఉండే బండి, కొని ఈ జూన్‌కి నాలుగేళ్ళు. 24 అడుగుల పొడవు, సెకండ్ హ్యాండ్, డ్రైవర్ నెత్తిమీద మంచం ఉండే రకం. కెనడాలో, ఎడ్మంటన్‌లో మా ఇంటి నుంచి డాసన్ క్రీక్ మీదుగా అలాస్కా హైవే ఎక్కి మూడుసార్లు కెనడా వాయవ్య మూలనున్న యూకాన్ దాకా, ఒకసారి అలాస్కాలోని డెనాలి పార్కు దాకా వెళ్ళొచ్చాం. పాతిక వేల కిలోమీటర్లు దాటింది. మేం దీన్ని కొన్నదే జంతువుల్ని చూడ్డానికి కాబట్టి, ఒకచోట ఆపుకుని గంటల తరబడి చప్పుడు లేకుండా కూర్చోవడానికి ఇది ఎంతవరకు పనికొచ్చిందో అదే రాస్తాను.

మా ఆయనది కైకలూరు. కొల్లేట్లో పడవ మీద కూర్చుని పక్షుల కోసం మాట్లాడకుండా ఎదురుచూడ్డం ఆయనకి చిన్నప్పటి అలవాటు. నాకు అది ఈ బండిలోనే అలవాటైంది.

ముందు కిటికీ గురించి చెప్పాలి. భోజనాల బల్ల పక్కన ఉన్న పెద్ద కిటికీ చూసే ఈ బండి తీసుకున్నాం. ఇప్పుడు మళ్ళీ కొనాల్సి వచ్చినా ముందు అక్కడే కూర్చుని చూస్తాను. మొదటి ఏడాది లియార్డ్ వేడినీటి బుగ్గలు దాటి వాట్సన్ లేక్ వైపు వెళ్తుంటే దూరంగా బైసన్ల (మన అడవిదున్నల్లాంటివి) మంద కనపడింది. రోడ్డు పక్క విశాలమైన జాగా చూసి ఆపాం, ఇంజన్ కట్టేశాం. అవి మేసుకుంటూ మేసుకుంటూ మా వైపే వచ్చాయి. అడవి బైసన్ మగది 900 కిలోల దాకా తూగుతుంది. ఒకటి మా కిటికీ పక్కనుంచే నడిచి వెళ్ళింది. దాని కన్ను, నా కన్ను ఒకే ఎత్తులో ఉన్నాయి. ఊపిరి వదిలిన చప్పుడు అద్దం ఇవతలికి వినపడింది. వెనక ఇటుక రంగు దూడలు. ముప్పావుగంట సేపు ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. కార్లో అయితే తల పైకెత్తి చూడాలి, గుడారంలో అయితే ఆ ఆలోచనే వద్దు.

అయితే అదే కిటికీ తెల్లవారుజామున పనికిరాకుండా పోతుంది. యూకాన్‌లో జూన్ నెలలో కూడా తెల్లారేసరికి రెండు మూడు డిగ్రీలకి దిగుతుంది. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది, అన్నం వండితే ఆవిరి, మనం ఊపిరి వదిలితే ఆవిరి. అంతా అద్దాల మీదే చేరుతుంది. టోడ్ రివర్ దగ్గర ఒక ఉదయం నాలుగున్నరకి నీళ్ళలో అడుగుల చప్పుడు వినపడి లేచాం. కిటికీలోంచి ఏమీ కనపడలేదు. గుడ్డతో తుడుస్తుంటే అలికిడికి తల్లి మూస్, పిల్ల రెండూ పొదల్లోకి వెళ్ళిపోయాయి. జింకల జాతిలో మూసే అన్నిటికన్నా పెద్దది. అంత పెద్ద జంతువు అంత నిశ్శబ్దంగా ఎలా మాయమైందో ఇప్పటికీ ఆశ్చర్యమే. అప్పట్నుంచి ఎంత చలిగా ఉన్నా పైకప్పు వెంటిలేటర్ రెండు వేళ్ళ మందాన తెరిచే పడుకుంటున్నాం. రాత్రి వంట కూడా పెందలాడే ముగిస్తాను. అద్దాలు ఇప్పుడు తొంభై శాతం శుభ్రంగా ఉంటున్నాయి.

రెండోది కరెంటు. యూకాన్ ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లలో బండికి కరెంటు కనెక్షన్ ఉండదు. కట్టెలు ఉచితం, చేతిపంపు ఉంటుంది, అంతే. జనరేటర్ వేస్తే ఆ చుట్టుపక్కలకి ఏ ప్రాణీ రాదు, పక్క బళ్ళవాళ్ళకీ ఇబ్బంది. అంటే బ్యాటరీ ఎంత నిలిస్తే మనం అంత సేపు నిశ్శబ్దంగా ఉండగలం. బండితో వచ్చిన లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఒక చలి రాత్రి హీటర్ ఫ్యాన్ తిరిగేసరికే నీరసపడేవి. మూడో ఏడు వాటిని తీసేసి 200 యాంపియర్ అవర్ లిథియం బ్యాటరీ పెట్టించాం, పైన 200 వాట్ల సోలార్ పలక ముందే ఉంది. జూన్‌లో వైట్‌హార్స్‌లో పగలు 19 గంటలుంటుంది కాబట్టి జనరేటర్ ముట్టుకునే పనే లేకపోయింది. సెప్టెంబరులో ఆ సుఖం ఉండదు. ఇంకో సంగతి: లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చెయ్యకూడదు. మాది బండి లోపల మంచం కింద పెట్టించాం. ఈ ఖర్చు మొదటి ఏడే పెట్టాల్సింది.

గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ విషయం కొనేటప్పుడు మాకెవరూ చెప్పలేదు. అది పనిచెయ్యాలంటే బండి సమంగా నిలవాలి. వాలు మీద ఎక్కువసేపు ఉంటే లోపల ద్రవం సరిగ్గా తిరగక పాడవుతుంది. జంతువులేమో మనకి చదునైన చోటే కనపడవు కదా! కొండచరియ పక్కన గొర్రెల్ని చూస్తూ రెండు గంటలు వాలుగా ఉన్నామంటే ఫ్రిజ్ ఆపెయ్యాల్సిందే. డాష్‌బోర్డ్ మీద తాపీమేస్త్రీలు వాడే బుడగ మట్టం చిన్నది అతికించాం. ఆగగానే ముందు దాన్నే చూస్తాం.

గోడ బయటికి జరిగి గది వెడల్పయ్యే ఏర్పాటు ఉంది చూడండి, స్లైడ్ అంటారు. అది మాకు అక్కర్లేదని తేలిపోయింది. మోటారు చప్పుడు చెరువు అవతలికి కూడా వినపడుతుంది. అంచుల్లోంచి చలి. కంకర దుమ్ము రబ్బరులో చేరి ఒకసారి టెస్లిన్ దగ్గర వానలో అది వెనక్కి రాలేదు. మా ఆయన కింద పడుకుని స్పానర్‌తో చేత్తో తిప్పి లోపలికి తెచ్చారు, గంటన్నర పట్టింది.

రోడ్డు సంగతికొస్తే, 1942లో అమెరికన్ సైన్యం ఎనిమిది నెలల్లో అడవిని చీల్చుకుంటూ వేసిన దారి ఇది. ఇప్పుడు చాలా మటుకు మంచి తారు రోడ్డే. కానీ డిస్ట్రక్షన్ బే నుంచి బీవర్ క్రీక్ దాకా అడుగున ఎప్పటినుంచో గడ్డకట్టి ఉన్న నేల కరుగుతూ, మళ్ళీ బిగుస్తూ రోడ్డుని అలల్లా లేపేసింది. వేగం 50 కిలోమీటర్లు దాటితే అల్మారాలు తెరుచుకుంటాయి. రెండో ఏడు అక్కడే ఫ్రిజ్ తలుపు ఊడి ఆవకాయ సీసా పగిలింది. ఎలుగుబంట్లు తిరిగే చోట నూనె, వెల్లుల్లి వాసనతో నిండిన బండిలో పడుకోవడం నాకు భయం వేసింది. వెంటనే ఆపి, ఇద్దరం కూర్చుని వేడినీళ్ళతో మూడుసార్లు కడిగి, ఆ గుడ్డలన్నీ మూటకట్టి ఎలుగులు తెరవలేని చెత్తపెట్టెలో వేశాం. అప్పట్నుంచి పచ్చళ్ళు ప్లాస్టిక్ డబ్బాల్లోనే. ఎదురొచ్చే లారీల కంకర తగిలి ముందద్దం రెండుసార్లు పగిలింది. అది ఈ దారికి కట్టే సుంకం అనుకోవాలి.

క్లుయేన్ సరస్సు ఒడ్డున కాంగ్‌డన్ క్రీక్‌లో ఎలుగులు సోప్‌బెర్రీ అనే అడవి కాయలకి వచ్చే కాలంలో గుడారాల మీద ఆంక్షలుంటాయి. గట్టి గోడల బండి విలువ నాకు అక్కడ తెలిసింది. కానీ గోడలున్నాయన్న ధైర్యంతో జనం చేసే పనులు చూస్తే కడుపు మండుతుంది. మంచో లేక్ ఒడ్డున స్టోన్ గొర్రెలనే అడవి గొర్రెలు ఉప్పు నాకడానికి రోడ్డు మీదికి వస్తాయి. వాటికి బిస్కెట్లు చూపించేవాళ్ళని చూశాను. నల్ల ఎలుగు రోడ్డంచున పచ్చగడ్డి, పసుప్పూలు మేస్తుంటే ఫోన్ పట్టుకుని దిగి దగ్గరికి నడిచేవాళ్ళని చూశాను. ఎలుగులకీ తోడేళ్ళకీ 100 మీటర్లు, మూస్ లాంటివాటికి 30 మీటర్లు ఎడం ఉండాలని కెనడా పార్కులవాళ్ళు ప్రతిచోటా రాసి పెట్టారు. మనుషులకి అలవాటుపడిన ఎలుగుని చివరికి చంపాల్సి వస్తుంది. దయచేసి దిగకండి. మంచి బైనాక్యులర్ కొనుక్కోండి, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించే మా 8x42 జత ఈ బండిలో అన్నిటికన్నా ఎక్కువ వాడిన వస్తువు.

డెంప్‌స్టర్ హైవే మీద టూంబ్‌స్టోన్ పార్కు దాకా, అంటే 71వ కిలోమీటరు దాకానే వెళ్ళాం. దాదాపు అంతా కంకర రోడ్డు, వాన పడితే జిగట మట్టి. దుమ్ము పక్కబట్టల్లోకి కూడా వచ్చింది, స్క్రూలు వదులయ్యాయి. ఈ సైజు బండిలో అంతకన్నా ముందుకి నేను వెళ్ళమనను.

మిగతావి: ఇద్దరికి నీళ్ళు నాలుగు రోజులు వస్తాయి, మన వంట గిన్నెలు కడగడానికే సగం పోతాయి. కుక్కర్ ఉంటే గ్యాస్ బాగా ఆదా. వందకి 27 లీటర్ల దాకా పెట్రోలు తాగుతుంది, సగం ట్యాంకు కాగానే కనపడ్డ బంకులో నింపుకోవాలి. నెత్తిమీది మంచం ఎక్కడం నా మోకాళ్ళకి మూడో ఏడు నుంచి కష్టమైంది. ఇప్పుడు వెనక మంచమే.

పోయిన ఆగస్టులో హేన్స్ జంక్షన్ అవతల ఒక చిన్న చెరువు పక్కన సాయంత్రం ఐదింటికి ఆగాం. తొమ్మిదైనా ఏమీ రాలేదు. నేను బల్ల మీద తల వాల్చాను. ఆయన మెల్లిగా నా చెయ్యి తట్టి, "ఇటు చూడు" అన్నారు. లింక్స్, అడవి పిల్లి జాతిది. చెవుల చివర నల్లటి కుచ్చులు, మంచు మీద నడవడానికి చేసినట్టున్న పెద్ద పాదాలు. రోడ్డు మధ్యలో ఆగింది, మా బండి వైపు చూసింది, మనుషులున్నారన్న సంగతి పట్టనట్టే అవతలి విల్లో పొదల్లోకి వెళ్ళిపోయింది. నిమిషం కూడా ఉండదు. నాలుగు వేసవుల్లో కనపడింది ఆ ఒక్కటే.

స్లైడ్‌ని లోపలికి లాగి బోల్టులు బిగించి మూసేశాం. వచ్చే మే నెలలో క్లుయేన్ సరస్సు దగ్గరి తాచాల్ ధాల్ కొండ మీద డాల్ గొర్రెలనే తెల్లటి అడవి గొర్రెలు ఈనే వేళకి వెళ్ళాలని కొత్త టైర్లు వేయిస్తున్నాం.